కెప్టెన్ మిషను కట్టేసిన ఎపిసోడ్

మా ఇంట్లో దేవుడి గది లేదు. మా ఆయన తాడేపల్లిగూడెంలో ఫిజిక్స్ లెక్చరరు, సైన్సు సభల్లో ఉపన్యాసాలిచ్చే మనిషి, కాబట్టి ఉండకూడదు. దాని బదులు ఒక పాత టీవీ ఎపిసోడ్ ఉంది. నైవేద్యం ఒక్కటే తక్కువ, మిగతా పూజలన్నీ దానికి జరుగుతాయి. వచ్చిన ప్రతి చుట్టాన్నీ కూర్చోబెట్టి చూపించడం, మధ్యలో ఎవరైనా మాట్లాడితే కళ్ళెర్రజేయడం, అయిపోయాక కాసేపు ఎవరూ కదలకూడదనడం. మొదట అది వీడియో క్యాసెట్లో ఉండేది. క్యాసెట్టుకి బూజు పడితే సీడీలోకి ఎక్కించారు. ఇప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉంది. పెన్‌డ్రైవ్ బీరువాలో నా గాజుల పక్కన ఉంటుంది. గాజులు పోతే పోలీసుల దగ్గరికి వెళ్తాం. అది పోతే ఎక్కడికి వెళ్తామో నాకు తెలీదు.

టీవీకి ఒకే ఒక్క ఛానెల్ ఉన్న రోజుల్లో వచ్చిన హిందీ సీరియల్ అది. ఒక రాకెట్టు, నలుగురు మనుషులు, వారానికో గ్రహం. ఏలూరు పవరుపేటలో, పక్కింటివాళ్ళ హాల్లో, నేను నేల మీద కూర్చుని చూశాను. ఆయన గూడెంలో వాళ్ళ పెదనాన్నగారింట్లో కుర్చీలో కూర్చుని చూశారట. కుర్చీలో కూర్చున్నవాళ్ళకీ నేల మీద కూర్చున్నవాళ్ళకీ ఒకే కథ కనిపించదని మా పెళ్ళయిన వారానికే బయటపడింది.

కథ చిన్నదే. రాకెట్టు ఒక గ్రహం మీద దిగుతుంది. ఎటు చూసినా నీళ్ళు. నీళ్ళ మధ్యలో దిమ్మ మీద ఒక మిషను. అది రాత్రింబవళ్ళు గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది. ఒడ్డునున్న జనం చెప్పులు విప్పి దానికి దణ్ణం పెడతారు. అది ఎందుకు తిరుగుతోందో వాళ్ళలో ఎవరికీ తెలీదు. కెప్టెన్ వాళ్ళని కూర్చోబెట్టి మూఢనమ్మకాల మీద ఉపన్యాసం ఇస్తాడు. నలుగురిలో ఒక ఆడ సైంటిస్టు ఉంటుంది. ఆవిడ గాజు గొట్టంలోకి నీళ్ళు తీసి చూసి, "ఇది ఏం చేస్తోందో తెలిసేదాకా దాన్ని ముట్టుకోవద్దు" అంటుంది. కెప్టెన్ ఒక నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు నేను తర్వాత చాలామంది మగ ఆఫీసర్ల మొహాల్లో చూశాను. నవ్వి, వెళ్ళి, మిషను కట్టేస్తాడు. గుర్రుమనే చప్పుడు ఆగిపోతుంది. ఇంక మాటల్లేవు, సంగీతం లేదు. జనం మొహాలు, ఆగిపోయిన మిషను, నీళ్ళకేసి చూస్తున్న ఆ సైంటిస్టు మొహం. అలా చాలాసేపు చూపించి, పేర్లు వేసేస్తారు. పై ఆదివారం చూస్తే రాకెట్టు ఇంకో గ్రహం మీద ఉంది.

లోపాలు చెప్పమంటే నాకు ఊపిరి తిప్పుకునే తీరిక ఉండదు. ఆ మిషను ఎయిర్ కూలరు. వెండిరంగు పూశారు గాని ముందున్న రెక్కలు దాచలేకపోయారు. ఏలూరు ఎండల్లో పెరిగినవాళ్ళకి కూలరు తెలీదా? దాన్ని చూడగానే పక్కింటి మామ్మగారు "పాపం, ఆ గ్రహంలోనూ ఉక్కపోతేనన్నమాట" అన్నారు. ఆకాశంలో ఒకసారి రెండు చందమామలు, కెప్టెన్ తల తిప్పేసరికి ఒకటే చందమామ. మొలలోతు నీళ్ళలోంచి నడిచొచ్చినవాడి ప్యాంటు మడత నలగదు. కెప్టెన్ చేతికి మా మేనమామ వాచీ లాంటిదే ఉంది. ఇక ఆ ఉపన్యాసమైతే, కాలేజీ వార్షికోత్సవానికి వచ్చిన ముఖ్య అతిథి మైకు వదలనట్టే సాగింది. అన్నిటికన్నా నా ఒళ్ళు మండింది ఇంకోటి. డాక్టరేటు ఉన్న ఆ ఒక్క ఆడమనిషి చేత రాకెట్లో ముగ్గురు మగాళ్ళకీ ఫ్లాస్కులోంచి టీ పోయించారు. అంతరిక్షంలోకి వెళ్ళినా గిన్నెలు కడిగే పని మనకే తగులుకుందన్నమాట.

గుణాలు లేవని అనను, నేనంత పిసినారిని కాదు. ఆవిడెవరో గాని, ఆ సైంటిస్టు వేషం కట్టినావిడ మొహం ఇప్పటికీ గుర్తుంది. కన్నీళ్ళు లేవు, కేక లేదు. ఆ చూపు మాత్రం నీళ్ళ మీంచి కదలదు. ఇంకోటి, ఆ నిశ్శబ్దం పెట్టడానికి గుండె కావాలి. ఇప్పటి సీరియళ్ళలో అత్తగారు కనుబొమ్మ ఎత్తితే నాలుగు పిడుగులు పడతాయి. అలాంటి చోట అంతసేపు ఊరుకోవడమంటే మాటలా!

కానీ ఆ నిశ్శబ్దం అర్థమేమిటి? మా తగాదా అంతా అక్కడే. మా ఆయన లెక్కలో అది విముక్తి. భయం వీడిన మానవుడు మొదటిసారి విన్న ప్రశాంతత అది. సైన్సు సభల్లో ఆ ముక్క చూపించి, "కెప్టెన్లా ధైర్యంగా స్విచ్చి మీద చెయ్యి వెయ్యండి" అని పిల్లలకి చెబుతారు. నా లెక్కలో డైరెక్టరు దగ్గర ముగింపు లేదు. పాఠం చదువుకురాని మేష్టారు బెల్లు కొట్టగానే పుస్తకం మూసేసినట్టు మూసేశాడు. ఈ రెంటి మధ్యా మా కాపురం నడిచింది. బాగానే నడిచింది. పోట్లాడుకోవడానికి ఆకాశంలో ఒక విషయం ఉన్నప్పుడు నేల మీద విషయాలకి పెద్దగా తీరిక దొరకదు.

మా అమ్మాయి మైక్రోబయాలజీ చదివి, ఉండి దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో చేరింది. సీసాల్లో నీళ్ళు పట్టుకొచ్చే వాళ్ళలో ఒకబ్బాయి ఉన్నాడు. కొల్లేరు పక్క ఊరు. ఎంబీఏ చదివి, వాళ్ళ నాన్నతో కలిసి చేపల చెరువులూ రొయ్యల చెరువులూ చూసుకుంటున్నాడు. సీసాలు ఎక్కువయ్యాయి. అంత తరచుగా పరీక్షించాల్సినంత జబ్బు ఏ చెరువుకీ ఉండదు. చివరికి అమ్మాయే మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది.

ఆయన సభలో మాట్లాడే గొంతుతో, "మంచిది. చదువుకున్న పిల్లలు. మీ ఇష్టమే మా ఇష్టం" అన్నారు. కళ్ళజోడు సర్దుకుని, "పెద్దవాళ్ళని తీసుకురమ్మను. ఎపిసోడ్ చూపిద్దాం" అన్నారు. మామూలు చుట్టాలకి కాఫీ ఇచ్చాక చూపిస్తారు. ఈసారి కాఫీ కంటే ముందు దాని మాట ఎత్తారు. నాకక్కడే తేడా కొట్టింది.

వంటింట్లో అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాన్నగారు కాదంటే నేను లేచిపోయే మనిషిని కాను. కానీ ఎందుక్కాదో నా మొహం మీద చెప్పాలి. టీవీ ముందు సరిగ్గా కూర్చోలేదని నాకు నచ్చిన మనిషిని తీసి పారేస్తే మాత్రం ఊరుకోను" అంది.

వాళ్ళు ముగ్గురూ వచ్చారు. తల్లీ, తండ్రీ, అబ్బాయి.

"రండి బావగారూ, దారిలో ఇబ్బంది పడలేదు కదా?" అన్నారు మా ఆయన.

"ఆయ్, లేదండి. రోడ్డు బాగానే ఉందండి" అన్నారు అబ్బాయి తండ్రి. ఆ రోడ్డు మీద ఒకసారి వెళ్ళొచ్చి నేను నడుం పట్టుకుని తిరిగాను.

ఆ కంగారులో కాఫీలో పంచదార వెయ్యడం మర్చిపోయాను. ముగ్గురూ తాగి, "చాలా బాగుందండీ" అన్నారు. అబ్బాయి తల్లి అయితే "ఎన్నాళ్ళకి మంచి కాఫీ తాగామండీ వదినగారూ" అంది. నా కప్పు నోట్లో పెట్టుకున్నాక గాని వాళ్ళ మర్యాద ఎంతదూరం వెళ్తుందో నాకు తెలియలేదు.

"ఒక పాత ఎపిసోడ్ చూద్దామా?" అన్నారు మా ఆయన.

"మీరు ఏది చూపిస్తే అది చూస్తామండీ అన్నయ్యగారూ" అందావిడ.

"కొంచెం నిదానంగా ఉంటుందండి."

"నిదానంగా ఉంటేనే బాగుంటుందండీ."

"నాకైతే బోరు" అన్నాను నేను.

"మరేనండీ, కొంచెం బోరుగా ఉంటేనే బాగుంటుందండీ" అంది.

అబ్బాయి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ వారమంతా ముసురు. ఎండ లేకపోతే చెరువు నీళ్ళలో ప్రాణవాయువు తగ్గిపోతుందట. నీళ్ళు చిమ్మే ఏరియేటర్లు ఆగకుండా తిరగాలి, అవి తిరుగుతున్నాయో లేదో చూస్తూ గట్టు మీద ఎవరో ఒకరు పడుకోవాలి. ఆ ఎవరో ఒకరు ఇతనే. పాపం, కెప్టెన్ ఉపన్యాసం మొదలుపెట్టేదాకా ఓర్చుకున్నాడు. వెనక మిషను గుర్రుమంటూ ఉంటే మెడ మెల్లగా వాలింది. వాళ్ళమ్మ చూసింది, వాళ్ళ నాన్న చూశారు, మా అమ్మాయి చూసి పళ్ళు నూరింది. మర్యాదకి ఎవరూ లేపలేదు.

కెప్టెన్ స్విచ్చి కట్టాడు. గదంతా నిశ్శబ్దం. మా ఆయన అలవాటుగా కళ్ళు మూసుకున్నారు.

"జనరేటర్! ఒరేయ్, జనరేటర్ వెయ్యండ్రా!"

అబ్బాయి సోఫాలోంచి ఎగిరి లేచాడు. లేస్తూ కాజాల పళ్ళెం తన్నేశాడు. మేం తేరుకునే లోపల ఉత్తికాళ్ళతో గుమ్మం దాటి గేటు దాకా పరుగెత్తాడు. వాళ్ళ నాన్నగారు కూడా ఆలోచించకుండా లేచి, జేబులోంచి ఫోను తీసి, "ఒరేయ్, కరెంటుందా? ఏ చెరువు?" అని ఎవర్నో అడిగేస్తున్నారు. తెర మీద ఆ సైంటిస్టు నీళ్ళకేసి చూస్తూనే ఉంది. కాజాలు దొర్లి టీవీ కింద, ఆవిడ కాళ్ళ దగ్గరికే చేరాయి.

అబ్బాయి తల్లి మాత్రం కూర్చున్న చోటే సర్దుకుంది. "చాలా బాగుందండీ అన్నయ్యగారూ. మావాడికి బాగా ఎక్కిందండీ" అంది.

అబ్బాయి కాళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. "సారీ అండి. చప్పుడు ఆగిపోయేసరికి చెరువు మీదున్నాననుకున్నానండి. అది ఆగితే తెల్లారేసరికి సరుకంతా చచ్చి తేలిపోతుందండి" అన్నాడు. మా ఆయన "పర్లేదు, పర్లేదు" అన్నారు. ఆ పర్లేదులో ఎంత పర్లేదు ఉందో నాకూ మా అమ్మాయికీ తెలుసు.

వాళ్ళ కారు సందు తిరగ్గానే తీర్పు వచ్చింది.

"నిద్రపోయాడు" అన్నారు.

"నిద్రపోయినవాడు పరుగెత్తాడు కూడా. అది చెప్పరేం?"

"అది ఇంకా దారుణం. అంత గొప్ప నిశ్శబ్దం వింటూ జనరేటరంటాడా! తెలుసుకోవాలన్న కుతూహలం లేని మనిషి."

"ఆ గ్రహం వాళ్ళకి కావలసిందీ జనరేటరేనేమో? మీ సభల్లో ఒక్కడైనా ఆ మాటన్నాడా?"

ఆయన తల టీవీ వైపు తిరిగింది. నాకూ మాట అనేశాక గాని అది ఎంత పెద్దదో తట్టలేదు. ముగింపు లేదు లేదని ఇన్నాళ్ళూ వాదించాను. ముగింపు ఆవిడ మొహం మీదే ఉంది. నీళ్ళలోంచి ఏం తేలుతుందా అని చూస్తోంది ఆవిడ. ఆ మిషను గుర్రుమనడం కథ పొడుగునా ఉందని కూడా నేను సరిగ్గా వినలేదు. చందమామలు లెక్కపెట్టే హడావుడిలో ఉన్నాను. అంటే డైరెక్టరు పాఠం చదువుకునే వచ్చాడు. కూలరు విషయంలో మాత్రం నా మాటకి తిరుగులేదు.

"అంటే ఇన్నేళ్ళూ నేను పిల్లల చేత ఓ హంతకుడికి చప్పట్లు కొట్టించానంటావా?" అన్నారాయన.

"నేననలేదు. ఆ అబ్బాయి నిద్రలో అన్నాడు."

"వద్దు. ఈ సంబంధం వద్దు. ఇద్దరి అభిరుచులూ కలవవు."

"అభిరుచి ఆ పిల్లది, పెళ్ళి ఆ పిల్లది. మధ్యలో మీ కెప్టెన్ ఎవరండీ? మీకు నచ్చనిది అతని నిద్ర కాదు, చెరువుగట్టు. ఆ మాట నోటితో అంటే సభల్లో మీ పరువు పోతుంది. అందుకని టీవీ అడ్డం పెట్టుకుంటున్నారు."

"నేను కులం గిలం చూసే మనిషినా? నాది సిద్ధాంతపరమైన అభ్యంతరం. కొల్లేరంతా ఆక్రమించి చెరువులు తవ్వేశారు. పక్షులు ఏమైపోవాలి? పర్యావరణం ఏమైపోవాలి?"

"ఉండి దగ్గర వరిచేలు తవ్వించి మీ అన్నయ్యగారు రొయ్యల చెరువులకి కౌలుకిచ్చినప్పుడు పర్యావరణం ఊరెళ్ళిందా?"

అంతలో అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "నాన్నగారూ, వద్దంటే వద్దని చెప్పండి, వింటాను. కారణం కూడా చెప్పండి. నిజం కారణం. అది చెప్పేదాకా మీరు కాదన్నట్టు నేను లెక్కేసుకోను" అంది.

ఆయన రెండ్రోజులు కాలేజీకి వెళ్ళి రావడం తప్ప ఇంకేం చెయ్యలేదు. శనివారం సాయంత్రం బీరువా తీసి పెన్‌డ్రైవ్ చొక్కా జేబులో వేసుకున్నారు. "రేపు వాళ్ళింటికే వెళ్దాం. మేలుకుని ఉన్నప్పుడు చూపిస్తాను. అప్పుడేమంటాడో వింటాను. నాకింకే అభ్యంతరమూ లేదని మీకే తెలుస్తుంది" అన్నారు. అమ్మాయీ నేనూ దారి వదిలాం. మగవాడు తన నిజాయితీ నిరూపించుకోవడానికి బయల్దేరినప్పుడు ఎదురు రాకూడదు.

గణపవరం దాటాక వరి పలచబడి చెరువులు మొదలయ్యాయి. తర్వాత చెరువులే. కరెంటు స్తంభానికో కొంగ, గట్టుకో మేత బస్తాల గుట్ట, నీళ్ళు చిమ్ముతూ వరసలు వరసలుగా ఏరియేటర్లు. ఆయన కిటికీలోంచి గూడబాతుల్ని చూసి "పక్షులు బాగానే ఉన్నాయే" అని, నేను వెనక్కి తిరిగేసరికి మిగతాది మానేశారు.

వాళ్ళింట్లో అబ్బాయి తల్లి వేరే మనిషి. గుమ్మంలోనే నా చేతిలో సంచీ లాక్కుని, "ఏం వదినగారూ, ఆవేళ కాఫీలో పంచదార మా ముగ్గురికే మానేశారా, లేపోతే మీ ఇంటిల్లిపాదికీ షుగరా?" అని పకపకా నవ్వింది. పరాయి ఇంట్లో కూర్చుంటే నోరు పెగలదట, సొంత ఇంట్లో ఆగదట. చేపల పులుసుతో భోజనాలయ్యాక పెద్ద టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టారు.

"ఇది కూలరు కదండీ అన్నయ్యగారూ?" అంది మొదటి నిమిషంలోనే.

మా ఇంట్లో అయితే కళ్ళెర్రజేసేవారు. ఇక్కడ అతిథి. "అవునండీ, కూలరేనండీ" అన్నారు.

"నీళ్ళలోంచి వచ్చాడు గదా, ప్యాంటు తడవదేంటండీ?"

"అవునండీ, తడవాలండీ."

"చదువుకున్న పిల్ల చేత టీలు పోయిస్తారేంటండీ? ఆ ముగ్గురికీ చేతుల్లేవా?"

"అవునండీ, ఉన్నాయండీ."

నేను ఇన్నేళ్ళు గొంతు చించుకుని ఒప్పించలేనివన్నీ ఆవిడ వక్కపొడి నములుతూ ఒప్పించేసింది. వదినగారు దొరికినందుకు నాకు కడుపు నిండింది.

ఈసారి అబ్బాయి రెప్ప వాల్చలేదు. మిషను ఆగింది, నిశ్శబ్దం వచ్చింది, పేర్లు పడ్డాయి. మా ఆయన అతని వైపు తిరిగారు.

"చెప్పు బాబూ. మొహమాటం లేకుండా చెప్పు."

"మొహమాటం లేకుండా అంటే, కెప్టెన్ చేసింది తప్పండి."

"ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఆపి చూడాలి కదా? లేకపోతే జీవితాంతం కూలరుకి మొక్కుతూనే ఉంటారు."

"ఆపి చూడొచ్చండి. మేమూ ఆపుతామండి, రిపేరొస్తే. పగలు, ఎండ కాసేటప్పుడు, పక్కన ఇంకోటి తిప్పుకుని ఆపుతామండి. ఈయన ఆపేసి చేతులు దులుపుకుని రాకెట్టెక్కేశాడండి. పై వారం ఇంకో గ్రహంలో ఉన్నాడని మీ అమ్మాయి చెప్పింది. ఇక్కడివాళ్ళు ఏమయ్యారో వెనక్కొచ్చి చూశాడాండి?"

"అది సింబాలిక్..."

"ఏదైనా గానీండి, చూడాలి కదండి." ఆ ఊపులో ఇంకో మాట కూడా వదిలాడు. "ఆ సైంటిస్టావిడ కూడా వేస్టండి. మొహంలో ఏమీ లేదు. అలా బొమ్మలా నిలబడిందంతే."

నేను పెళ్ళిసంబంధం కోసం వచ్చానన్న సంగతి మర్చిపోయాను. "ఏమీ లేదా? బాబూ, కళ్ళున్నాయా నీకు? ఆవిడకి ఒక్కదానికే తెలుసు ఏం జరగబోతోందో. ముందే చెప్పింది, ఎవడూ వినలేదు. ఇంక అరిచి లాభమేంటని నీళ్ళకేసి చూస్తోంది. అదీ నటన! చెప్పిన మాట విననివాళ్ళ మధ్య పాతికేళ్ళు బతికి చూడు, నీకూ అదే మొహం వస్తుంది!" అమ్మాయి వెనకనుంచి నా నడుం గిల్లింది. అబ్బాయి తగ్గలేదు. "కనీసం కెప్టెన్ చెయ్యి పట్టుకుని లాగొచ్చు కదండి ఆంటీ" అన్నాడు. "లాగితే ఎపిసోడ్ ఎక్కడుంటుంది?" అన్నాను. మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూశారా బావగారూ, ఈవిడ మొదటిసారి నా ఎపిసోడ్‌ని వెనకేసుకొచ్చింది" అన్నారు.

అందరం నవ్వాం. నవ్వు సద్దుమణిగాక అబ్బాయి తల్లి వక్కపొడి డబ్బా మూత పెట్టి పక్కకి జరిపింది.

"అన్నయ్యగారూ, టీవీ సంగతి అయిపోయింది. ఒకటి అడుగుతాను, ఏమనుకోకండి. మీ ఇంట్లో అడగలేకపోయానండి. మీకు నచ్చనిది మావాడు నిద్రపోవడమా, మేమా?"

అబ్బాయి తండ్రి "ఊరుకోవే" అన్నారు. ఆవిడ ఊరుకోలేదు. మా అమ్మాయి తలెత్తి వాళ్ళ నాన్ననే చూస్తోంది. ఆయన కళ్ళజోడు తీశారు, చొక్కాకి తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. పర్యావరణం అంటారేమో, అభిరుచులంటారేమో అని ఎదురు చూశాను.

"మా అన్నయ్య ఒప్పుకోడండీ" అన్నారు. "మా నాన్నగారు పోయాక నన్ను చదివించింది ఆయనే. ఈ సంబంధం వినగానే, చెరువులవాళ్ళతో వియ్యమేంట్రా అన్నాడు. నేనేం అనలేకపోయాను. పిల్లకి ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. నాకు... నాక్కూడా లోపల్లోపల కొంచెం ఉందేమోనండీ. లేదనుకున్నాను."

ఆయన నోటివెంట "లేదనుకున్నాను" అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

"ఉండి దగ్గర చేలున్న అన్నగారేనా అండీ?" అంది ఆవిడ. "ఆ చెరువులు కౌలుకి చేస్తున్నది మా తమ్ముడేనండి. పట్టుబడికి వల వేసిన ప్రతిసారీ పెద్ద పెద్ద రొయ్యలు ఏరి వాళ్ళింటికి పంపుతాడు. వాటితో ఆయనకేం ఇబ్బంది లేదండీ."

నాకు మొన్న దసరా గుర్తొచ్చింది. బావగారు, అంటే మా ఆయన అన్నయ్య, పంపిన రొయ్యల్ని మేమూ తిన్నాం. మా ఆయన రెండోసారి వడ్డించుకుని, "మా అన్నయ్య చెరువు రొయ్యల రుచే వేరు" అన్నారు. ఇప్పుడు ఆయనకీ అదే గుర్తొచ్చినట్టుంది. చెవులు ఎర్రబడ్డాయి.

లేచి ఫోను పట్టుకుని గట్టు మీదికి వెళ్ళారు. అక్కడ సిగ్నలు అందదు. అందువల్ల అరవాల్సి వచ్చింది, అందువల్ల మేమందరం విన్నాం.

"అన్నయ్యా, నేనే... కొల్లేరులో... చేపల కోసం కాదు, సంబంధం కోసం... ఔను, వాళ్ళే... లేదు, అడగడానికి చెయ్యలేదు, చెప్పడానికి చేశాను... పరువా? నీ చెరువు చేసేది ఎవరనుకున్నావు? ఈవిడ తమ్ముడే... అదీ సంగతి... మాఘంలో. వస్తే ముందు వరసలో కూర్చో. రాకపోతే వీడియో పంపిస్తాం."

అన్నయ్య ఫోను పెట్టేదాకా చెవి దగ్గర పట్టుకుని నిలబడే మనిషి, తనే ముందు పెట్టేశారు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అబ్బాయి తల్లి మజ్జిగ తెచ్చింది. అమ్మాయి గ్లాసు అందుకుని ఆయన చేతిలో పెట్టి, అది నిలకడగా పట్టుకునేదాకా తన చెయ్యి తియ్యలేదు.

ఆయన్ని దెప్పడానికి నాకు మాట దొరకని సందర్భం మా కాపురంలో అదొక్కటే. దాన్ని ఎక్కువసేపు సాగనివ్వలేదు.

"మాఘంలో ముహూర్తాలేంటండీ, సైన్సు మాస్టారు?" అన్నాను.

"నాకేం పట్టింపు లేదు. వాళ్ళ కోసం అన్నాను" అన్నారు మజ్జిగ తాగుతూ.

"మాకూ ఏం పట్టింపు లేదండీ, మీ కోసమే ఊరుకున్నాం" అన్నారు వియ్యంకుడుగారు.

పట్టింపు ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. పెళ్ళి మాత్రం మాఘంలో, పంతులుగారు చెప్పిన నిమిషానికే జరిగింది. బావగారు ముందు వరసలో కూర్చున్నారు. మొహం చిటపటలాడుతూనే ఉంది గాని, భోజనాల దగ్గర రొయ్యల వేపుడు మాత్రం రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.